అలికిన గోడ, అతికించిన గోడ

అలంకారం అనగానే మీకు ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష గుర్తుకు వస్తాయి. పరీక్షకు చదివేది వాటినే కాబట్టి అది సహజం. కాని ఆ మాట కవిత్వంలోకి వచ్చింది ఒంటి మీది నగల నుంచి. అందుకే మన ఆలంకారికులు కావ్యాన్ని గురించి చెప్పేటప్పుడు మాటిమాటికీ హారాలను, అందెలను ఉదాహరణగా తీసుకున్నారు. 11వ శతాబ్దానికి చెందిన క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని వివరిస్తూ, నడుముకు ఉండవలసినది మెడలోకి, కాలికి ఉండవలసినది చేతికి వెళితే చూసేవాళ్ళు నవ్వుతారన్నాడు. అతనికి రెండు శతాబ్దాల ముందు ఆనందవర్ధనుడు ఇంకా సూక్ష్మమైన మాట చెప్పాడు. రసం కోసం చేసే ప్రయత్నంలోనే అలంకారం కూడా పుట్టుకురావాలి, దాని కోసం కవి వేరుగా శ్రమపడినట్టు కనిపించకూడదు అని. దీనికి ఆయన వాడిన మాట 'అపృథగ్యత్ననిర్వర్త్యం'. నోరు తిరగకపోయినా గుర్తుపెట్టుకోండి, ఈ వ్యాసంలో పనికి వస్తుంది.

ఈ రెండు కొలబద్దలనూ పట్టుకొని ఇప్పుడు ఇంట్లోకి వెళదాం. ఇక్కడ మన విమర్శకు వస్తువు గృహాలంకరణ. మీలో కొందరు ఈ ఏడాదే ఇల్లు కట్టుకుంటూ ఉండవచ్చు. తాపీ పనో, రంగుల పనో చేసుకుంటూ చదువుతున్నవాళ్ళూ ఉంటారు. గోడకు ఏం చెయ్యాలన్నది వాళ్ళకు డబ్బుతో ముడిపడిన ప్రశ్న.

ఆధునిక గృహాలంకరణ పుస్తకం ఏదైనా తెరిచి చూడండి. నాలుగు గోడల్లో ఒకదానికి ముదురు రంగు. ఇటుకలు లేని గోడ మీద ఇటుకల బొమ్మ ఉన్న కాగితం. పైకప్పు కింద జిప్సం పలకలతో మరో పైకప్పు, అందులో దాచిన దీపాలు. మూలన ఒక కుండ, అందులో నీళ్ళు ఉండవు. గోడకు ఒక చేట, అది చెరిగేది ఏమీ లేదు. తాళ్ళ అల్లికలో వేలాడే మనీప్లాంటు. ఆ బొమ్మల్లో మీరు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. ఏ గదిలోనూ మనిషి ఉండడు. దండెం మీద బట్టలుండవు, పొయ్యి దగ్గర మసి ఉండదు, పిల్లల పుస్తకాలు చెల్లాచెదురుగా ఉండవు. ఎవరూ బతకని గదిని చూపించి, ఇలా బతకండి అని చెప్పడం ఆ పుస్తకాల పద్ధతి.

వాటిని పూర్తిగా కొట్టిపారేయనక్కరలేదు. చిన్న గదికి లేత రంగు వేస్తే వెలుతురు పెరుగుతుందన్నది నిజం. మంచం కింద సొరుగులు పెట్టడం, గోడకు మడిచే బల్ల బిగించడం తెలివైన పనులే. వాటితో పేచీ లేదు. అలంకరణ అన్న మాటకు ఆ పుస్తకాలు ఇస్తున్న అర్థంతోనే పేచీ. ఇల్లంతా పూర్తయ్యాక, కొని తెచ్చి, పైన తగిలించేదే అలంకరణ అని అవి అనుకుంటాయి. ఆనందవర్ధనుడు వద్దన్న వేరు ప్రయత్నం సరిగ్గా ఇదే.

ఇప్పుడు ములకలపల్లి వైపు రండి. 2016 అక్టోబరు వరకు ఖమ్మం జిల్లాలో, ఆ తర్వాత భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న ఏజెన్సీ మండలం ఇది. కోయ గూడేలు, అడవి అంచు, ఈ మధ్య కాలంలో పామాయిల్ తోటలు. ఇక్కడి పాత పద్ధతి ఇంటికి గోడ అంటే వెదురు తడిక, దానికి రెండు వైపులా మెత్తిన మట్టి. ఆ మట్టి ఎండితే పగులుతుంది, వానకు కరుగుతుంది, చెద పడుతుంది. కాబట్టి అలకాలి. ఎర్రమట్టి, పేడ కలిపి చేత్తో అలుకుతారు. ఆ పూత పగుళ్ళను మూసేస్తుంది, గోడను కాపాడుతుంది. తడి మీద చేతివేళ్ళు కదిలిన చోట అర్ధచంద్రాకారపు గీతలు మిగులుతాయి. పండుగ ముందు ఆ ఎరుపు మీద సుద్దతోనో సున్నంతోనో అంచులు దిద్దుతారు. ఇందులో మరమ్మతు ఎక్కడ ముగిసింది, అలంకరణ ఎక్కడ మొదలైంది? గీత గీసి చూపించడం మీకు సాధ్యం కాదు. కావ్యానికి ఆనందవర్ధనుడు కోరింది ఈ గోడలో ఉంది.

ఇలాంటి వస్తువులు కోయ ఇళ్ళలోనే ఉంటాయని కాదు. చిలక్కొయ్య అన్న మాటను ఒకసారి విడదీసి చూడండి. గోడలో దిగగొట్టిన కొయ్య, దాని చివర చిలక ఆకారం. కండువా జారిపోకుండా ఉండాలంటే కొయ్య చివర కొంచెం వంపు తిరిగి పైకి లేవాలి. ఆ వంపులో వడ్రంగికి చిలక మెడ కనిపించింది. చిలకను తీసేస్తే కొయ్య కూడా పనికిరాదు. ఉట్టి సంగతీ అంతే. పిల్లికి, చీమకు అందకుండా పెరుగు కుండను ఎత్తున ఉంచడానికి అల్లిన తాళ్ళు అవి. ముడులు ఒక క్రమంలో పడితేనే కుండ ఒరగదు, ఆ క్రమమే చూపుకు అందం. ఇందాక చెప్పిన మనీప్లాంటు తాళ్ళ అల్లిక ఈ ఉట్టికి దూరపు చుట్టమే. కుండ పోయింది, పిల్లి భయం పోయింది, ముడులు మిగిలాయి. అందులో తప్పేమీ లేదు. మొక్కను నేల మీది ఇరుకు నుంచి పైకి తీసుకుపోవడం కూడా ఒక పనే కాబట్టి ఆ అల్లికను నేను ఒప్పుకుంటాను. గోడకు వేలాడే ఉత్త చేటను ఒప్పుకోవడం కష్టం.

చేట వరకు నవ్వి ఊరుకోవచ్చు. తర్వాతి మెట్టు దగ్గర నవ్వడానికి వీల్లేదు. పట్టణాల్లో ఇప్పుడు 'ట్రైబల్ లుక్' అని ఒక రకం అలంకరణ నడుస్తోంది. తెలుగు జిల్లాల్లోని హోటళ్ళలో, కార్యాలయాల గోడల మీద, ఇళ్ళ వరండాల్లో ఎర్రటి నేపథ్యం మీద తెల్లటి త్రికోణాలతో చేసిన మనుషులు గుండ్రంగా నాట్యం చేస్తూ కనిపిస్తారు. అది వార్లీ చిత్రం. మహారాష్ట్రలోని ఠాణే, పాల్ఘర్ ప్రాంతపు వార్లీ తెగవాళ్ళు పెళ్ళి సమయంలో ఇంటి గోడ మీద బియ్యప్పిండితో చౌక్ వేస్తారు. దాన్ని వేసేది ముత్తయిదువలు. ఆ చౌక్ లేకుండా పెళ్ళి సాగదు. 1970ల్లో ఆ చిత్రం గోడ మీది నుంచి కాగితం మీదికి వచ్చింది. జివ్యా సోమా మశే వంటి చిత్రకారుడు దానికి ప్రపంచ ప్రసిద్ధి తెచ్చాడు, 2011లో పద్మశ్రీ అందుకున్నాడు, 2018లో కన్నుమూశాడు. ఆయన చేసింది ఒక కళాకారుడు తన సొంత సంప్రదాయాన్ని ముందుకు తీసుకుపోవడం. మన గోడల మీదికి వచ్చేది మాత్రం స్టెన్సిల్. కోయవాళ్ళు ఉన్న ఊళ్ళో గిరిజనం అని చెప్పడానికి వార్లీ బొమ్మ వేస్తే అది మెడలో మొలనూలే. బొమ్మ బాగానే ఉంటుంది, చోటు తప్పింది.

అయితే కోయవాళ్ళ సొంత బొమ్మలే వేద్దాం అని మీరు అనవచ్చు. అక్కడే అసలు చిక్కు. కోయవాళ్ళకు పడిగెలు ఉన్నాయి. త్రికోణాకారపు గుడ్డ మీద ఒక గోత్రం పుట్టుక, వలస, వేల్పుల కథ బొమ్మలుగా ఉంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు అని చెప్పుకొనే విభాగాల్లో ఒక్కొక్కరికి తమ తమ ఇలవేల్పు, తమ తమ పడిగె. కొలుపు వేళ దాన్ని బయటికి తీస్తారు. డోలీ కళాకారులు ఆ కథను పాడుతూ వినిపిస్తారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ డోలీ గానానికే. సమ్మక్క, సారలమ్మల కథను, కోయ గోత్రాల కథలను ఆయన నోటి మీదే నిలుపుకొన్నాడు. 2024లో ఆయన మరణించాడు.

పడిగె చూడటానికి చాలా అందంగా ఉంటుంది. సోఫా వెనక గోడకు తగిలిస్తే ఏ అలంకరణ పుస్తకమైనా అచ్చు వేసుకుంటుంది. కాని ఆలోచించండి. పని లేనప్పుడు మడిచి దాచి ఉంచడం పడిగె స్వభావం. అది రోజూ కనిపించకూడదు. కనిపించినప్పుడు పక్కన పాడే మనిషి ఉండాలి, వినే గోత్రం ఉండాలి. ఎప్పుడూ వేలాడే పడిగె తన అర్థంలో సగం పోగొట్టుకుంటుంది, పాట లేని పడిగె మిగతా సగం కూడా పోగొట్టుకుంటుంది. భద్రాచలం ఐటీడీఏ ప్రాంగణంలోని గిరిజన మ్యూజియానికి వెళ్ళి చూడండి. అక్కడా వస్తువులు పని మానేసే ఉంటాయి. అయినా అది ఎవరిదో, దేనికో చెప్పే ప్రయత్నం ఉంటుంది. అలంకరణ దుకాణంలో ధర చీటీ తప్ప మరేమీ ఉండదు.

అలాగని అమ్మకమే పాపం అని నేను అనడం లేదు. ఆదిలాబాద్ వైపు ఉషెగావ్‌లో ఓజాలు మైనపు అచ్చుతో ఇత్తడి పోతపోస్తారు. ఒకప్పుడు గోండుల దేవర సామగ్రి, గంటలు చేసేవారు. ఇప్పుడు డోక్రా పేరుతో ఏనుగులు, దీపపు సెమ్మెలు కూడా చేస్తున్నారు. కొనేవాళ్ళు ఉండబట్టే ఆ పొయ్యి ఆరలేదు. అమ్మకానికని చేసిన ఏనుగు వేరు, వేల్పు పడిగె వేరు. ఈ తేడా తెలియని అభిరుచిని మంచి అభిరుచి అనడానికి నాకు మనసు ఒప్పదు.

ఇక రెండో వైపు చూడాలి. అలంకరణ మీద కోపం వచ్చినవాళ్ళు అసలు అలంకారమే వద్దు అనే దాకా వెళతారు. వియన్నా వాస్తుశిల్పి అడోల్ఫ్ లూస్ 'అలంకారం, నేరం' అన్న ప్రసిద్ధ ప్రసంగంలో వెళ్ళింది అక్కడికే. ఒళ్ళంతా పచ్చబొట్లు పొడిపించుకొనే పాపువా మనిషిని వెనకబాటుకు గుర్తుగా చూపి, నాగరికత పెరిగేకొద్దీ వాడే వస్తువుల మీద అలంకారం పోతుందన్నాడు. ఆధునిక గృహాల తెల్లగోడకు ఈ వాదం ఒక పునాది. విచిత్రం ఏమిటంటే, తన చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆయన కాస్త మెత్తబడ్డాడు. నగిషీ లేకుండా కుట్టమంటే ఆ పనివాడి సంతోషాన్ని లాక్కున్నట్టు అవుతుందని ఒప్పుకున్నాడు. ఆ ఒక్క మెట్టు మీదే నిలబడి మిగతా వాదాన్ని తిరగరాయవచ్చు.

మట్టి ఇంటిని ఆరాధించేవాళ్ళు మరో కోవ. 1978లో ఇవాన్ ఇలిచ్ సేవాగ్రామ్‌లో గాంధీ నివసించిన బాపూ కుటీరంలో కూర్చొని, ఆ గుడిసె ఏం బోధిస్తోందో ఒక ప్రసంగంలో చెప్పాడు. వస్తువులు పెరిగినకొద్దీ మనిషి వాటికి బందీ అవుతాడన్న ఆయన మాటలో బలం ఉంది. అక్కడ నాకు ఇంకో విషయం ఆసక్తికరం. అంత నిరాడంబరమైన చోటా మీరాబెన్ గోడ మట్టితోనే తాటిచెట్లను, రాట్నాన్ని ఉబ్బెత్తుగా దిద్దింది. నిరాడంబరతకు కూడా ఒక చెట్టు బొమ్మ కావలసి వచ్చింది! కాని ఇలిచ్ వంటివాళ్ళ వ్యాసాల్లో ఒక మనిషి కనిపించదు. ప్రతి ఏడూ ఆ గోడను అలికే మనిషి. మన పల్లెల్లో అలుకు ఆడవాళ్ళ పని. కూలికి వెళ్ళివచ్చి, పేడ ఎత్తి, మట్టి మోసి, వంగి చేసే పని. ఎండాకాలం కప్పుకు నిప్పంటుకుంటుందని, వానాకాలం గోడ కూలుతుందని ఆమెకు భయం. పక్కా ఇల్లు కావాలని ఆమె అంటే, సంస్కృతి పోతోందని విచారించే హక్కు పట్టణంలో టైల్స్ మీద నడిచేవాళ్ళకు లేదు.

ఆ పక్కా ఇల్లు ఇప్పుడు వస్తోంది కూడా. ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలోనే ప్రారంభించారు. ఇంటికి 5 లక్షల రూపాయల సాయం, కనీసం 400 చదరపు అడుగుల కట్టడం. డబ్బు విడతల్లో వస్తుంది. రంగుల దాకా వచ్చేసరికి చాలామంది చేతిలో ఏమీ మిగలదు. ఇలాంటి ఇంటికి అలంకరణ పుస్తకం చెప్పే జిప్సం కప్పు, వాల్‌పేపరు అప్పు మీద అప్పు. వాటి బదులు గోడ లేస్తున్నప్పుడే ఆలోచించడం చవక. లారీ బేకర్ కేరళలో చూపించింది ఇదే. ఇటుకలను అంచు మీద నిలబెట్టి మధ్య బోలు వదిలే ఎలుకబోను కట్టుబడితో నాలుగోవంతు ఇటుకలు మిగిల్చాడు. గాలి ఆడటానికి వదిలిన కన్నాలతోనే జాలీ నగిషీ తెచ్చాడు, గోడలోనే అరుగు కట్టాడు. తొమ్మిదంగుళాల గోడ కడుతున్నట్టయితే, ప్లాస్టరింగుకు ముందే మేస్త్రీతో చెప్పి నాలుగున్నర అంగుళాల లోతు గూళ్ళు వదిలించండి. దీపానికి ఒకటి, పుస్తకాలకు రెండు. బీరువా చోటు మిగులుతుంది, గోడకు నీడ వస్తుంది. నాలుగున్నర అంగుళాల గోడకు ఇది కుదరదు, అక్కడ చిలక్కొయ్యలే గతి.

నున్నటి సిమెంటు మీద ఎర్రమట్టి నిలవదు, పెచ్చులుగా రాలిపోతుంది. అందుకే కొత్త ఇళ్ళ వాళ్ళు ఏం చేస్తున్నారో పరిశీలించండి. గోడ కింది భాగానికి పాత జాజు రంగును పోలిన ముదురు ఎరుపు పెయింటు పట్టీ వేయిస్తున్నారు. వాన చినుకులు ఎగిరిపడే మరకలు అందులో కలిసిపోతాయి, అలికినప్పటి ఎరుపు కంటికి మిగులుతుంది. గడపకు పసుపు ఎనామిల్ వేసి, దాని మీద సన్నటి కుంచెతో తెల్ల ముగ్గు పెడుతున్నారు. కొందరు అదే ముగ్గును ప్లాస్టిక్ స్టిక్కరుగా కొని అంటిస్తున్నారు. రెండూ రోజూ వెయ్యనక్కరలేని ముగ్గులే, రెండూ శ్రమ తగ్గించేవే. విమర్శకులుగా మీరు వీటిని ఒకే గాటన కట్టవద్దు. ఎనామిల్ ముగ్గులో చుక్కలు ఎన్ని పెట్టాలో ఆ ఇంటావిడ నిర్ణయించింది, గడప వెడల్పును బట్టి మెలిక తిప్పింది, మూల దగ్గర చోటు చాలక ఒక రేకు చిన్నదయింది. స్టిక్కరు ముగ్గు మూల దగ్గర కత్తిరించి ఉంటుంది.