నగరాభిమానం, పోలిక: ఉపమ నుంచి స్వభావోక్తి దాకా

విషయ ప్రవేశం

సిద్దిపేటలో "పట్నం పోతున్న" అంటే హైదరాబాదుకు వెళ్తున్నానని అర్థం. ఏ పట్నమని ఎవరూ అడగరు. ఒక సామాన్య నామం ఒకే నగరానికి సంజ్ఞగా స్థిరపడిపోయింది. అదే మనిషి పట్నంలో నాలుగు రోజులుండగానే "మా సిద్దిపేటల అయితేనా" అని మాట అందుకుంటాడు. నీళ్ళు, వీధులు, చెరువు, మనుషుల పలకరింపు వరుసగా తూకానికి వస్తాయి. పట్నాన్ని తనదిగా చెప్పుకోవడం, పట్నం కంటే తన ఊరు మేలనడం రెండూ ఒకే నోట వినిపిస్తాయి. ఇందులో వైరుధ్యం ఉన్నట్టు ఆ మాట అన్నవారికి తోచదు.

ఇటువంటి నగరాభిమానం తెలుగు సాహిత్యంలో చాలా పాతది. అయితే దానిని విమర్శ ప్రధానంగా రెండు విధాలుగా చూసింది. ప్రబంధాలలోని పురవర్ణనలను అతిశయోక్తిగా, కవిసమయంగా భావించి పక్కన పెట్టడం ఒక విధం. నగరాన్ని చెప్పే కావ్యాన్ని సాంఘిక చరిత్రకు ఆధారంగా స్వీకరించడం రెండో విధం. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) ఈ రెండో మార్గంలో చేసిన మేలు అందరికీ తెలిసిందే. కాని నగరాన్ని నగరంతో పోల్చే ఆ పోలిక స్వరూపమేమిటన్న ప్రశ్నకు ఈ రెండు మార్గాలలోనూ చోటు తక్కువ. పోలిక అలంకారశాస్త్రానికి సంబంధించిన విషయం. అందువల్ల ప్రస్తుత వ్యాసం ఆ శాస్త్ర పరిభాషనే సాధనంగా తీసుకుంటుంది. పోలిక నగరాభిమానానికి తొలి మెట్టు మాత్రమేననీ, ఆ అభిమానం పరిపక్వమయ్యేది పోలిక ఆగి స్వభావోక్తి మొదలైన చోటనేననీ నిరూపించడం దీని ఉద్దేశం.

దేవనగరాలతో పోలిక

దండి మహాకావ్య లక్షణంలో చెప్పిన వర్ణనీయాల పట్టిక నగరంతోనే మొదలవుతుంది. తెలుగు ప్రబంధకవులు ఆ క్రమాన్ని శ్రద్ధగా పాటించారు. మనుచరిత్ర కథ అరుణాస్పదపుర వర్ణనతోనూ, వసుచరిత్ర కథ అధిష్ఠానపుర వర్ణనతోనూ ఆరంభమవుతాయి. ఇటువంటి వర్ణనలలో ఉపమానాలుగా వచ్చేవి సాధారణంగా అమరావతి, అలకాపురి, భోగవతి. నగరం అమరావతిలా ఉందంటే ఉపమ. అమరావతిని మించిందంటే వ్యతిరేకం. ఈ నగరం ముందు అమరావతి సిగ్గుపడిందంటే, ఉపమానాన్నే తక్కువ చేసినందువల్ల ప్రతీపం. దీనికి సాటి ఇదేనంటే అనన్వయం. ఈనాడు పెద్దనగరాల వాసులు తమలో తాము వాదించుకునే తీరంతా ఈ నాలుగు అలంకారాలలోనే ఇమిడిపోతుంది.

ఒక్క భేదం మాత్రం ఉంది. ప్రబంధంలో ఓడిపోయేది దేవనగరం. అమరావతి తరఫున నొచ్చుకునే పౌరుడు భూమి మీద లేడు కనుక ఆ వ్యతిరేకం ఎవరినీ గాయపరచదు. ఉపమాన స్థానంలోకి మరో మానవనగరం వచ్చినప్పుడు పోలికకు పదును వస్తుంది. పల్నాటి తిండిని, నీటి ఎద్దడిని ఎగతాళి చేస్తూ శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు ఇందుకు ఉదాహరణ. వాటిలో కవి తన అలవాట్లను ప్రమాణంగా పెట్టుకొని పరాయి సీమను తూచాడు. చమత్కారం ఉంది, కాని ఆ సీమలో జొన్నకూడు తిని బతికేవారి కన్ను అందులో లేదు.

ఓరుగల్లులో ఒక రోజు

వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం ఇందుకు భిన్నమైన మార్గం తొక్కింది. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామం దానికి మూలమని కావ్యమే చెబుతుంది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు తెల్లవారింది మొదలు రాత్రి దాకా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. ఏకవీరాదేవి గుడి, మైలారుదేవుని వీరభటుల సాహసాలు, పల్నాటి వీరుల కథాగానం, కోడిపందేలు, పొట్టేళ్ళ పోరు, ప్రతాపరుద్రుని ప్రియురాలైన మాచల్దేవి చిత్రశాల వారి కంటబడతాయి. ఒక రూకకు కడుపునిండా భోజనం పెట్టే పూటకూళ్ళ ఇల్లు కూడా ఆ దారిలోనే ఉంది.

ఇక్కడ నగరాన్ని చూసేది మేడ మీది రాజు కాదు, కాలినడకన తిరిగే ఇద్దరు మిత్రులు. వారి మాటల్లో మెచ్చుకోలుతోపాటు పరిహాసమూ కొంటెతనమూ ఉన్నాయి. ఓరుగల్లు గొప్పదని నిరూపించడానికి మరో నగరాన్ని కిందికి దించవలసిన అవసరం కావ్యానికి ఎక్కడా ప్రధానం కాలేదు. పూటకూటి భోజనం వెల ఇంతని చెప్పడమే ఆ నగరానికి గౌరవం. పరిశీలించవలసిన విశేషం మరొకటుంది. ఓరుగల్లు 1323లో పతనమైంది. ఆ తర్వాతి కాలానిదిగా పండితులు భావించే ఈ తెలుగు కావ్యం కాకతీయ నగరాన్ని సజీవంగా నడిపిస్తుంది. పోయిన నగరాన్ని పొగడ్త నిలపలేదు. వీధి పేరు, తిండి ధర, ఆట సందడి నిలపగలిగాయి.

దండి స్వభావోక్తిని తొలి అలంకారంగా లెక్కించాడు. కుంతకుడు దానిని అలంకారంగా ఒప్పుకోలేదు. వస్తుస్వభావమే అలంకారమైతే ఇక అలంకరించడానికి మిగిలేదేమిటని అతని ఆక్షేపం. శాస్త్రంలో ఆ వివాదం ఎట్లా తేలినా, నగరం విషయంలో కుంతకుని ఆక్షేపం మనకు ఉపకరిస్తుంది. ముందుగా నగరమంటూ ఒకటి కళ్ళెదుట ఉండాలి. ఆ తర్వాతనే దానికి ఏ అలంకారమైనా.

కొలబద్ద అయిన చెన్నపట్టణం

దేవనగరాలను విడిచి మానవనగరాలను ఒకదాని తర్వాత ఒకటిగా చూసి రాసిన తెలుగు గ్రంథాలలో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్రచరిత్ర ముఖ్యమైనది. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామి 1830 మే 18న బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు దారి పొడవునా రాసి పంపిన వివరాలే గ్రంథమైనాయి. 1838లో అది అచ్చయింది.

వీరాస్వామి ప్రతి మజిలీలోనూ నీళ్ళు ఎట్లా ఉన్నాయి, సామాను దొరుకుతుందా, బాట మంచిదా అని చూస్తాడు. హైదరాబాదులో జనం ఆయుధాలు ధరించి తిరగడం, మెత్తనివారికి కలిగే భయం అతని దృష్టిని ఆకర్షించాయి. కంపెనీ పాలనలోని రేవు పట్టణంలో, కోర్టు కొలువులో అలవాటుపడిన మనిషి చూపు ఇది. చెన్నపట్టణం పేరెత్తని చోట కూడా కొలబద్ద చెన్నపట్టణమే. ఉపమానం మాటల్లో లేకపోయినా చూపులో ఉంది. దీనిని లుప్తోపమతో పోల్చవచ్చు.

అయితే శ్రీనాథుని పేరిటి చాటువుల ఎగతాళికీ దీనికీ భేదముంది. వీరాస్వామి తన కొలబద్దను కూడా పరిశీలనకు పెట్టాడు. చెన్నపట్టణం ఎట్లా ఏర్పడిందో, దామెర్ల వారి చెన్నప్ప నాయుని పేర ఆ ఊరికి పేరెట్లా వచ్చిందో అతడు వివరించాడు. సొంత నగరం కూడా ఒక కాలంలో ఎవరో ఇచ్చిన, ఎవరో కట్టిన ఊరేనన్న ఎరుక అందులో ఉంది. ఈ ఎరుక ఉన్న అభిమానం పరాయి నగరాన్ని తక్కువ చేసినా పూర్తిగా అన్యాయం చేయదు.

అభిమానం హక్కు అయినప్పుడు

వీరాస్వామికి చెన్నపట్టణం తనదని నిరూపించుకోవలసిన పని రాలేదు. శతాబ్దం గడిచాక ఆ పని పడింది. పఠాభి 'ఫిడేలు రాగాల డజన్' (1939)లో మద్రాసు ఆధునిక నగరంగా తెలుగు కవిత్వంలోకి వచ్చింది. మరి పదిహేనేళ్ళు నిండకుండానే "మద్రాసు మనదే" అన్నది నినాదమైంది. పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగం చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా, మద్రాసు లేకుండా ఏర్పడింది. ఆ నినాదంలో ఉపమ లేదు, వ్యతిరేకం లేదు. ఉన్నది షష్ఠీ విభక్తి ఒక్కటే. నగరం ఎట్లా ఉందన్న ప్రశ్న వెనక్కి పోయి నగరం ఎవరిదన్న ప్రశ్న ముందుకు వచ్చింది.

అవమానం నుంచి పుట్టిన అభిమానానికి తెలంగాణలో మరో రూపం కనిపిస్తుంది. ఇక్కడ తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. అందులో 354 మంది కవులకు చోటు దక్కింది. ప్రాంతమంతటికీ గోలకొండ అనే ఒక నగరదుర్గం పేరు నిలవడం గమనించదగినది. ఆక్షేపణకు ప్రత్యాక్షేపణ రాసి ఊరుకొని ఉంటే అది వ్యతిరేకాలంకారం స్థాయిలోనే ఆగిపోయేది. సురవరం వారు కవులను పేరు పేరునా ముందు నిలిపారు. పోలికలో ఓడిన చోట లెక్కతో, వివరంతో గెలవడమిది. ఈ కారణంగా ఆ సంచికను స్వభావోక్తి మార్గానికి దగ్గరిదిగా భావించవచ్చు.

పట్నం: ఉన్నవారు, వచ్చినవారు

హైదరాబాదు విషయంలో ఇద్దరు రచయితలను పక్కపక్కన ఉంచి చూడటం అవసరం. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథలు నగరాన్ని ఇళ్ళ లోపలి నుంచి చూపుతాయి. హిందూ ముస్లిం కుటుంబాల స్నేహాలు, మర్యాదలు, నిజాం పాలన ముగిసేనాటి భయాలు అందులో ఉన్నాయి. ఆ కథల్లో చార్మినారు చూడవచ్చినవారికి చూపించే కట్టడం కాదు. దాని నీడన బతికినవారి మధ్య తెగిపోతున్న బంధాలకు అది సాక్షి. నగరాన్ని ఎంతగా ప్రేమించాడో, దాని గాయాన్ని కూడా అంతే దగ్గరగా చెప్పాడు కేశవస్వామి.

అలిశెట్టి ప్రభాకర్ జగిత్యాల నుంచి వచ్చినవాడు. జగిత్యాల నుంచి కరీంనగర్ మీదుగా పట్నం చేరే దారి సిద్దిపేటను తాకుతూనే పోతుంది. చిత్రకారుడిగా, ఛాయాచిత్రకారుడిగా బతికిన అతడు ఆంధ్రజ్యోతి దినపత్రికలో 'సిటీ లైఫ్' పేర రాసిన చిన్న కవితలలో నగరం మీద పొగడ్త కనిపించదు. 1993 జనవరి 12న అతడు ఆ నగరంలోనే కన్నుమూశాడు. నగరాన్ని నిందించిన కవిని నగరాభిమానుల వరుసలో చేర్చడం వింతగా తోచవచ్చు. కాని రోజూ ఒక నగరం ముఖాన్ని చూసి రాయడం విముఖత వల్ల సాధ్యమయ్యే పని కాదు. ఈ నగరం మరోలా ఉండాలన్న కోరిక ఉన్నవాడే అట్లా రాయగలడు. ఉన్నవాడి ప్రేమ, వచ్చినవాడి కోపం రెండూ నగరాన్ని ఉన్నదున్నట్టు చూడటం దగ్గర కలుస్తాయి.

చెరువుకట్ట, ట్యాంక్‌బండ్, మినీ ట్యాంక్‌బండ్

ఇప్పుడు మొదలుపెట్టిన చోటికి రావాలి. సిద్దిపేట కోమటిచెరువు కట్టను తీర్చిదిద్దిన తర్వాత దానికి మినీ ట్యాంక్‌బండ్ అనే పేరు వాడుకలోకి వచ్చింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కాలంలో తెలంగాణలోని పలు పట్టణాల చెరువుగట్లకు ఇదే పేరు దక్కింది. పేరులోనే ఉపమ ఉంది. ఉపమానం హైదరాబాదులోని హుస్సేన్‌సాగర్ కట్ట, ఉపమేయం కోమటిచెరువు కట్ట, వాచకం 'మినీ'. అసలు ట్యాంక్‌బండ్ అన్న మాటకు అర్థం చెరువుకట్ట అనే కదా. కుతుబ్‌షాహీల కాలంలో, హైదరాబాదు నగర నిర్మాణానికి ముందే కట్టిన హుస్సేన్‌సాగర్ కూడా ఒక చెరువే. ఊరి మాట ఇంగ్లీషులోకి వెళ్ళి, అక్కడ ఒకే కట్టకు పేరై, 'మినీ' తగిలించుకొని తిరిగి ఊరికే వచ్చింది. చెరువులకు పేరుపడ్డ సీమ తన చెరువుకు పట్నం చెరువును ఉపమానం చేసుకుంది.

దీనిని కేవలం అనుకరణగా తీసిపారేయడం న్యాయం కాదు. చిన్న పట్టణానికి పోలిక ఒక అర్జీ వంటిది. పట్నంలో ఉన్న వసతి మాకూ కావాలనడానికి పట్నం పేరు వాడుకోక తప్పదు. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైన సిద్దిపేటకు ఆ పోలిక కొంత మేలు చేసి ఉంటుంది కూడా. సాయంత్రం కట్ట మీద నడిచే కుటుంబాల ముఖాల్లోని సంతోషం కృత్రిమం కాదు. అయితే అర్జీకి పనికివచ్చే భాష అస్తిత్వానికి సరిపోదు. 'మినీ' అన్నంత కాలం ఊరు ఉపమేయంగానే ఉండిపోతుంది. ఉపమానం కంటే ఉపమేయానికి గుణం తక్కువన్నది ఉపమాలంకారపు షరతు.

ఉపమానం అక్కరలేని పేర్లు ఇక్కడ లేకపోలేదు. గొల్లభామ చీర అంటే నేత తెలిసినవారికి సిద్దిపేట గుర్తుకు వస్తుంది. అది మరో ఊరి చీరకు చిన్న రూపం కాదు. కాపు రాజయ్య చిత్రాలలో బోనాలు, బతుకమ్మ, పల్లె మనుషులు తమ రూపంలో తామే నిలిచారు. ఇక్కడి రచయితలు తమ సంఘానికి మెతుకుసీమ నది మంజీర పేరు పెట్టుకున్నారు. ఈ మూడింటిలోనూ గర్వముంది, పోలిక లేదు.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలే విషయాలు ఇవి. తెలుగువారి నగరాభిమానం ఉపమ, వ్యతిరేకం, ప్రతీపం, అనన్వయం అనే రూపాలలో వ్యక్తమవుతూ వచ్చింది. దేవనగరాల స్థానంలో మానవనగరాలు ఉపమానాలైనప్పుడు ఆ పోలిక ఎగతాళిగానో, హక్కు వాదంగానో, అర్జీగానో మారింది. ఈ మూడింటికీ చారిత్రక కారణాలున్నాయి. అయినా కాలానికి నిలిచిన నగర సాహిత్యం పోలికలో గెలిచిన నగరానిది కాదు. పూటకూటి వెల చెప్పిన ఓరుగల్లు, తన పుట్టుక చెప్పుకున్న చెన్నపట్టణం, గాయాన్ని దాచుకోని హైదరాబాదు నిలిచాయి.

సిద్దిపేట మీద రాయబోయేవారికి ఇందులో ఒక సూచన ఉంది. పట్నం కంటే మేలని గాని, పట్నంలాగే ఉందని గాని చెప్పడం తేలిక. కోమటిచెరువు ఏ ఏడు ఎంత నిండింది, కట్ట కింద పొలాలు ఏమైనాయి, కట్ట మీద పొద్దుగూకి ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు కూర్చోలేకపోతున్నారు అన్నవి చెప్పడం కష్టం. ఆ కష్టం పడిన రచన వచ్చిన నాడు కోమటిచెరువు మళ్ళీ తన పేరుతోనే పిలిపించుకుంటుంది.