నక్షత్ర యుద్ధ నవలలలో ప్రతినాయకులు

1995 జనవరి 8వ తేదీన కోనసీమలోని పాశర్లపూడి వద్ద సహజవాయువు బావి అదుపు తప్పి అంటుకొన్నది. ఆ మంట 65 రోజులపాటు మండినది. చుట్టుప్రక్కల ఊళ్ళవారు ఇళ్ళు విడిచి పోవలసివచ్చినది. ఇదే కోనసీమలో మరొక కీడు కూడ కలదు. పోటు వెంట కాలువలలోకి ఎక్కే ఉప్పునీరు, రొయ్యల చెరువులనుండి ప్రక్కచేలలోకి ఊరే ఉప్పునీరు చప్పుడు చేయవు. వరిపైరు గిడసబారిన తరువాతనే, కొబ్బరిచెట్టు కాపు తగ్గిన తరువాతనే రైతుకు సంగతి తెలుస్తుంది. కీడు కంటికి కనబడేది ఒకటి, కనబడనిది ఒకటి అన్నమాట.

కథలలోని దుష్టులను కూడ ఇట్లే విడదీసి చూడవచ్చును. 1977లో జార్జి లూకస్ తీసిన ‘స్టార్ వార్స్’ చలనచిత్రాన్ని ఆధారం చేసుకొని, ఆ కథను పొడిగిస్తూ ఆంగ్లంలో అనేక నవలలు వెలువడినవి. వానిలో ప్రతినాయకులు కొల్లలు. వారిలో ఎవరు గొప్పవారు? ఓడలను, ఆయుధాలను లెక్కపెట్టి చెప్పే సమాధానం పిల్లల ఆటకు సరిపోతుంది. విజ్ఞాన విద్యార్థి వేయవలసిన ప్రశ్న వేరు: ఆ ప్రతినాయకునికి విజ్ఞానం పట్ల గల వైఖరి ఏమిటి?

మొదట అడ్మిరల్ దాలాను తీసుకొందాము. 1994లో కెవిన్ ఆండర్సన్ వ్రాసిన మూడు నవలలలో ఈమె ప్రధాన శత్రువు. కృష్ణబిలాల గుంపు నడుమ దాగిన ఆయుధ పరిశోధనశాలకు ఈమె కావలి. బయట సామ్రాజ్యం కూలిపోయిన సంగతి కూడ ఈమెకు ఏండ్ల తరబడి తెలియదు. ఆ శాలలో తయారైన ‘సన్ క్రషర్’ అనే చిన్న ఓడ ఏ నక్షత్రాన్నైనా సూపర్‌నోవాగా పేల్చగలదట. ఇక్కడ విద్యార్థి ఆగి ఆలోచించాలి. తన ద్రవ్యం బరువుకు తానే లోపలికి కూలి పేలడానికి నక్షత్రం సుమారు 8 సూర్యులంత ద్రవ్యరాశితో పుట్టి ఉండాలి. తోడునక్షత్రం లేని మన సూర్యుని వంటి తార చివరకు శ్వేతకుబ్జంగా చల్లారుతుందే గాని పేలదు. కనుక ఈ ఆయుధం ఊహామాత్రమే.

కాని నవలకు ప్రాణం ఆ ఓడ కాదు, దానిని రూపొందించిన కీ జక్స్ అనే శాస్త్రజ్ఞురాలు. ఈమెను చిన్నతనంలోనే ఊరినుండి తీసుకొనిపోయి చదివించారు. చదువులో తప్పిన పిల్లల ఊళ్ళను వారి కండ్లయెదుటనే నాశనం చేశారు. అట్టి భయంలో నేర్చిన విద్య ‘ఎట్లా?’ అని అడిగినదే గాని ‘ఎందుకు?’ అని అడగలేదు. ఆండర్సన్ అణ్వస్త్ర పరిశోధన జరిగే లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాలలో సాంకేతిక రచయితగా పనిచేసినవాడు. ఈ ఘట్టం అతని నవలలలో బరువైనది కావడానికి ఆ అనుభవం తోడ్పడి ఉండవచ్చును. దాలా మాత్రం ఆ బరువును అందుకోలేదు. ఆమె కోపం పాశర్లపూడి మంట వంటిది. దూరాన్నుండే కనబడుతుంది, కనుక ఎదుర్కొనవచ్చును.

రెండవవారు యూజాన్ వాంగ్ జాతి. 1999నుండి 2003 వరకు పలువురు రచయితలు వ్రాసిన 19 నవలలలో వీరే శత్రువులు. యంత్రమంటే వీరికి మహాపాపం. ఓడలను సైతం జీవులనుండి పెంచుకొంటారు. తెలియవలసినదంతా దేవతలు ఇదివరకే చెప్పివేశారని వీరి నమ్మకం. క్రొత్తగా ప్రయోగం చేయడం నేరం. నెన్ యిమ్ అనే స్త్రీ రహస్యంగా పరిశోధించి, అత్యున్నత జ్ఞానం దాచి ఉన్నదనుకొన్న చివరి భాండారం దాదాపు ఖాళీ అని కనుగొంటుంది. ప్రశ్నను నిషేధించిన సమాజానికి ఇంతకంటె మంచి వ్యాఖ్య అరుదు. అయితే ఆ సైన్యాధిపతుల క్రౌర్యం పుస్తకం తరువాత పుస్తకంలో ఒకే తీరున సాగి విసుగు పుట్టిస్తుంది.

మూడవవాడు గ్రాండ్ అడ్మిరల్ థ్రాన్. 1991–93 మధ్య మూడు నవలలలో ఇతనిని సృష్టించిన టిమొతీ జాన్ భౌతికశాస్త్రంలో పట్టభద్రుడు. థ్రాన్ అరవడు, తొందరపడడు. శత్రుజాతి చిత్రాలను, శిల్పాలను పరిశీలించి వారి బలహీనతను ఊహిస్తాడు. ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. ఒక జాతి కళను చూచి ఆ జాతిలోని ప్రతి సేనాని మనస్సును తేల్చడం, ఒక్క కాయను చూచి తోటనంతటిని తూచడం వంటిది. అయినను పరిశీలన, ఊహ, పరీక్ష అనే వరుస ఇతనికి తెలుసు.

అట్టివాడు ఓడినదెక్కడ? నోగ్రీ జాతివారి నేల ఒక యుద్ధం వలన విషమయమైనది. బాగుచేస్తామని చెప్పి సామ్రాజ్యం వారిని తరతరాల ఋణంలో ఉంచినది. నిజానికి సామ్రాజ్యం నాటించిన గడ్డే ఇతర మొక్కలను పెరగనివ్వలేదు. నాయిక లేయా ఈ మోసాన్ని బయటపెట్టగా, థ్రాన్ అంగరక్షకుడైన నోగ్రీయే అతనిని పొడిచి చంపుతాడు. అందరినీ పరిశీలించినవాడు తన వెనుక నిలబడినవానిని పరిశీలించలేదు. ముగ్గురిలో ఇతడే గొప్ప ప్రతినాయకుడు. ఏమంటే, ఇతని కీడు ఉప్పునీటివలె నేల అడుగున ప్రాకుతుంది. పాఠకుడు దానిని తెలివితో వెదకి పట్టుకొనవలసి ఉంటుంది.

తెలుగులో 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’ చిత్రంలోని యాస్కిన్ కూడ ఈ కోవలోనివాడే. అతని ‘కాంప్లెక్స్’లో నీరు, పచ్చదనం కలవు; క్రింద కాశీ ఎండిపోయినది. కాని అతని దౌష్ట్యం మొదటినుండి తేటతెల్లము. వెదకవలసిన పని ప్రేక్షకునికి లేదు.

అమలాపురం, రాజోలు, కొత్తపేట బడులలో ఈ కథలు చెప్పే ఉపాధ్యాయుడు ఒక చిన్న ప్రయోగం కూడ చేయించవచ్చును. ఒక పరీక్షనాళికలో స్వేదనజలం, వేరొక దానిలో పొలం బోదెనీరు పోసి, రెంటిలోను సిల్వర్ నైట్రేటు ద్రావణం రెండేసి చుక్కలు వేయాలి. రెండవదానిలో తెల్లని మడ్డి ఏర్పడితే, అది నీటిలోని క్లోరైడు. వేర్వేరు చేల నీటిని ఇట్లే పరీక్షించి పోల్చితే మడ్డి ఎక్కడ చిక్కబడుతున్నదో తెలుస్తుంది. కనబడని శత్రువును కండ్లకు కట్టించే ఆయుధం విద్యార్థి చేతిలోనే ఉన్నది.