రోగిశయ్య చెంతనే విద్య

ఇంటరులో బైపీసీ చదివిన పిల్లను బి.యస్సీ. నర్సింగులో చేర్పింపవలెనని తలపెట్టిన తల్లిదండ్రులతో బంధువులు తరచుగా అనెడి మాట యొకటి కలదు: "సూదులు వేయడానికీ, పక్కలు సర్దడానికీ నాలుగేళ్ల డిగ్రీ ఎందుకమ్మా?" నర్సింగు కళాశాలలో పాఠములు చెప్పుచు, విద్యార్థినుల వెంట వార్డులలో తిరుగుచు జీవితములో అధికభాగము గడిపిన దానను గనుక ఈ ప్రశ్నను నేను తేలికగా త్రోసిపుచ్చలేను. అడుగువారిలో దురుద్దేశము లేదు. కంటికి కనబడు పనిని మాత్రమే చూచి వారట్లనుచున్నారు. ఈ వృత్తిలో పెద్దభాగము చూపరుల కంటికి కనబడదు.

మొదటి సంవత్సరపు విద్యార్థినికి నేర్పెడి తొలి పాఠములలో రోగి శ్వాసను లెక్కించుట యొకటి. నిండు నిమిషము పాటు ఛాతి ఎన్నిమారులు లేచి పడుచున్నదో చూడవలెను. కాని తన శ్వాసను ఒకరు గమనించుచున్నారని తెలిసినంతనే ఎంతటివారికైనను దాని గతి మారిపోవును. కావున ఆమె నాడి లెక్కించుట ముగిసిన పిదపను రోగి మణికట్టును విడువక, ఇంకను నాడినే చూచుచున్నట్లుండి, చూపును మాత్రము మెల్లగా ఛాతిమీదికి మరలించును. పెద్దవారికి విశ్రాంతిలో నిమిషమునకు 12 మొదలు 20 వరకు సహజము. ఆ సంఖ్య గంటగంటకును పెరిగి 24, 28 అగుచుండగా, రోగి "బాగానే ఉంది సిస్టరమ్మా" అనుచున్నను, ఆ మాటకు తృప్తిపడక, ప్రమాదము సమీపించుచున్నదేమోయని శంకించి డ్యూటీ డాక్టరుకు కబురంపిన విద్యార్థినిని చూచినప్పుడు నాకు కలిగిన సంతోషము, పరీక్షాఫలితములలో ప్రథమశ్రేణులను చూచినప్పుడు ఎన్నడును కలుగలేదు.

మందు ఇచ్చుటయు నిట్టిదే. హృద్రోగికి డిజాక్సిన్ మాత్ర ఇచ్చుటకు పూర్వము స్టెతస్కోపును గుండెకొన వద్ద నుంచి నిండు నిమిషము స్పందనమును లెక్కించి, పెద్దవారిలో అది 60కి తగ్గియున్నచో మాత్రను ఆపి వైద్యునికి తెలుపవలెను. చీటిలో వ్రాసియున్నది, కావున ఇచ్చితిననుట చెల్లదు; ఏల ఆపవలెనో తెలియుటకు శరీరధర్మశాస్త్రమును, ఔషధశాస్త్రమును చదివి యుండవలెను. లీటరు సెలైను 8 గంటలలో ఎక్కవలెనన్నచో, మిల్లీలీటరునకు 20 చుక్కలు పడు సెట్టుతో నిమిషమునకు సుమారు 42 చుక్కలు పడవలెనని గణించుట అంకగణితము వచ్చిన ఎవరికైనను సాధ్యమే. ఆ ప్రవాహము ఒక వృద్ధుని దుర్బలహృదయమునకు అధికమై, ఊపిరితిత్తులలో నీరు చేరుటకు ఆరంభించినదేమో అతని ఆయాసమును, దగ్గును, తలగడలు పెంచుమని అతడు కోరుటను బట్టి పసిగట్టుట మాత్రము శిక్షణచేతనే వచ్చును. ఇక పక్కలు సర్దుట! కదలలేని రోగిని రెండుగంటల కొకమారు ఒత్తిగిలింపజేయుచు, నడుము క్రిందను, మడమలయందును కనబడిన ఎరుపును వ్రేలితో నొక్కి చూచి, అది తెల్లబడకున్నచో పుండునకు నాంది కలిగినదని తెలిసికొను చేతిని, దుప్పటి మాత్రము పరచు చేతితో సమానముగా నెంచుట న్యాయము కాదు.

మన దేశమున నర్సింగు పట్టవిద్య 1946లో ఢిల్లీలోను, వెల్లూరులోను ఆరంభమైనది. ఆ సంవత్సరముననే వెలువడిన భోర్ కమిటీ నివేదిక నర్సుల కొరతను, వారి శిక్షణలోని లోపములను ఎత్తిచూపెను. మరుసటి ఏడు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము వచ్చెను. అంతకు పూర్వమును శిక్షణ లేకపోలేదు. కాని అది ఆస్పత్రి పనికి అనుబంధము. పిల్ల చదువునకు వచ్చినదా, చాకిరికి వచ్చినదా అను సందేహమునకు తావుండెడిది. విశ్వవిద్యాలయము ఈ విద్యను తనదిగా స్వీకరించినపుడు మొదట మారినది ఇదియే. 1986లో విజయవాడయందు ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మట మన ప్రాంతపు నర్సింగు కళాశాలలు వైద్య, దంతవైద్య కళాశాలలతోపాటు ఒకే గొడుగు క్రిందికి చేరినవి. తెలంగాణమున నేడు ఆ బాధ్యతను వరంగల్లులోని కాళోజీ పేరిటి విశ్వవిద్యాలయము వహించుచున్నది. నాలుగేండ్ల బి.యస్సీ. ఇప్పుడు ఎనిమిది సెమిస్టర్లుగా సాగుచున్నది, జి.ఎన్.ఎం. చదివినవారికి రెండేండ్ల పోస్ట్ బేసిక్ బి.యస్సీ.యు, ఆపైన రెండేండ్ల ఎం.యస్సీ.యు కలవు. ఈ పోస్ట్ బేసిక్ విద్యార్థినులపై నాకు ప్రత్యేకమైన గౌరవము. రాత్రి డ్యూటీలు చేసి, పిల్లలను పెంచి, మరల బల్లమీద కూర్చున్న ఆ స్త్రీలు అడుగు ప్రశ్నల వెనుక ఎవరో ఒక రోగి యుండెడివాడు. అందుచేత ఆ తరగతికి నేను మరింత శ్రద్ధతో సిద్ధపడి పోయెడిదానను.

ఆస్పత్రి గోడల వెలుపల సాగు కమ్యూనిటీ పోస్టింగును విద్యార్థినులు మొదట విహారయాత్రవలె భావింతురు. పల్లెలో బాలెంత యింటికి పోయినపుడు అరుగుపై పాత వార్తాపత్రికను పరచి, సంచిని దానిమీద నుంచి, సబ్బుతో చేతులు కడుగుకొని, అటుపిమ్మటనే లోపలి వస్తువులను తాకవలెనని నేర్పుదుము. ఆ చిన్న ఆచారమును ఇంటివారందరు కన్నులార్పక చూతురు. పసిబిడ్డను ఎత్తుకొనుటకు ముందు చేతులు కడుగుకొనవలెనని ఉపన్యసించుటకంటె, ఆ యమ్మాయి చెంబెడు నీళ్లడిగి కడుగుకొనుటయే అవ్వలకు బాగుగా తలకెక్కును.

ఇట్టి విద్యకు ప్రాణము రోగిశయ్య చెంత, బోధకురాలి కనుసన్నలలో చేయు అభ్యాసము. తొలి ఇంజెక్షనును బొమ్మకు చేయించుట మంచిదే; భయము తీరువరకు ల్యాబు అవసరము. కాని బొమ్మకు నొప్పి లేదు, సిగ్గు లేదు, బెంగ లేదు. ఒక్కొక్క విద్యార్థినికి ముగ్గురు రోగులు, పదిమంది విద్యార్థినులకు ఒక బోధకురాలు ఉండవలెనని కౌన్సిలు ప్రమాణము. ఇందు రెండవదానినే నేను మరింత విలువైనదిగా తలంతును. ఏలయన రోగులు వందలుగా నున్నను, తప్పుపట్టి వెంటనే దిద్దు మనిషి ప్రక్కన లేనప్పుడు తప్పే అలవాటుగా స్థిరపడును. రోగులు లేని ఆస్పత్రికి అనుబంధమైన కళాశాలలో ఒక్క మంచము చుట్టు బృందమంతయు మూగి, సీనియర్ల రికార్డులనుండి కేస్ స్టడీలను ఎత్తివ్రాసికొను దుస్థితి నాకు దుఃఖము కలిగించును. ఆ పిల్లలు సోమరులు కారు. వారికి చూపుటకు రోగి లేడు, చూపువారు లేరు. 2023 కేంద్ర బడ్జెటులో 157 కొత్త నర్సింగు కళాశాలలను వైద్యకళాశాలల చెంతనే నెలకొల్పెదమని ప్రకటించిరి. ఆ యేడే పాత కౌన్సిలు చట్టమునకు బదులుగా జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టము వచ్చెను. పెద్దాస్పత్రి ప్రక్కన కళాశాల యుండుట సరియైన ఆలోచన. బోధకురాండ్ర ఖాళీలను నింపనిచో మాత్రము ఆ సామీప్యము వృథా.

కావున, ఈ వేసవిలో కౌన్సెలింగుకు పోవు పిల్లల తల్లిదండ్రులకు నా విన్నపము: ఫీజు, హాస్టలు, విదేశములలో ఉద్యోగము అను మూటిని గూర్చి అడుగుటకు ముందు, ఆ కళాశాల ఆస్పత్రిలో దినమునకు ఎందరు రోగులు చేరుచున్నారో, పోస్టింగు వేళ బోధకురాలు పిల్లలతోపాటు వార్డుకు వచ్చునో రాదో అడుగుడు. ఒక ఉదయము స్వయముగా ఆ వార్డులోనికి పోయి చూచి, అటుపిమ్మటనే ఆప్షను పెట్టుకొనుడు.