లక్ష్మీబాయి తిలక్: ‘స్మృతిచిత్రే’లో తల్లి చూపు

మరాఠీ భాషలో స్త్రీలు వ్రాసిన ఆత్మకథలకు కొదువ లేదు. పండిత రమాబాయి తన మతాన్వేషణ వృత్తాంతాన్ని 1907లో ఇంగ్లీషులో ప్రకటించినది. రమాబాయి రానడే తన దాంపత్యస్మృతులను 1910లో మరాఠీలో వెలువరించినది. వీటి తరువాత వచ్చినదైనా, మరాఠీ పాఠకుడు ఆత్మకథ అనగానే ముందు తలచుకొనేది లక్ష్మీబాయి తిలక్ ‘స్మృతిచిత్రే’నే. నాలుగు భాగాల ఈ గ్రంథం 1934 నుండి వెలువడ నారంభించినది. రచయిత్రి 1936లో మరణించినది. చివరి భాగం ఆమె మరణానంతరం అచ్చయినది.

ఆమె భర్త నారాయణ వామన తిలక్ (1861–1919). లోకమాన్య తిలక్ వేరు, ఈయన వేరు. ఈయన కవి, సంస్కృతజ్ఞుడు, చిత్పావన బ్రాహ్మణుడు. 1895లో బొంబాయిలో బాప్తిస్మం పొంది క్రైస్తవుడైనాడు. ఈనాటికీ మరాఠీ క్రైస్తవులు ప్రార్థనలలో పాడుకొనే కీర్తనలలో చాల భాగం ఆయనవే. తండ్రి జీవితచరిత్ర వ్రాయదలచిన కుమారుడు దేవదత్తుడు, తల్లిని ఆమె జ్ఞాపకాలు వ్రాసి ఇమ్మని కోరినాడు. అట్లు పుట్టిన పుస్తకమిది. కుమారుడు అడిగినది తండ్రి కథ. తల్లి ఇచ్చినది ఇంటి కథ. ఈ తేడాను విమర్శకులు తగినంత గుర్తించలేదని నా అభిప్రాయము.

సాధారణంగా ఈ గ్రంథాన్ని రెండు విధాలుగా చదువుతారు. మొదటిది, మతిమరపు, ముక్కోపము, మితిలేని దానగుణము కల ఒక కవిని అతని భార్య నవ్వుతూ చిత్రించిన కథ అని. రెండవది, ఒక బ్రాహ్మణ స్త్రీ క్రైస్తవ విశ్వాసంలోనికి వచ్చిన సాక్ష్యం అని. ఇంగ్లీషు అనువాదాల పేర్లు మొదటి పఠనాన్నే బలపరచినవి. 1950లో జోసెఫీన్ ఇంక్‌స్టర్ అనువాదానికి ‘ఐ ఫాలో ఆఫ్టర్’ అని పేరు పెట్టినారు. వెనుక నడిచివచ్చునది అని దాని భావము. 2017లో శాంతా గోఖలే చేసిన అనువాదము పేరులో ఆమెను చురుకైన భార్యగా పేర్కొన్నారు. గోఖలే అనువాదంలో లక్ష్మీబాయి గొంతు చక్కగా వినిపిస్తుంది, కాని అట్టమీద మాత్రం ఆమె మరల భార్యయే. ఈమె ఎవరి వెనుకనూ ఊరక నడిచిన మనిషి కాదు. భర్త వెళ్ళిన చోటికి ఆమె చేరినది గాని, ఐదేండ్లు ఆలస్యంగా, తన దారిని, తన కారణాలతో చేరినది.

భర్త దారి పుస్తకం దారి. 1893లో నాగపూరు నుండి రాజనందగాఁవ్‌కు పోవు రైలులో ఒక యూరోపియను ప్రయాణికుడు ఆయనకు క్రొత్త నిబంధన గ్రంథమిచ్చినాడు. రెండేండ్లలో ఆయన క్రైస్తవుడగునని కూడ చెప్పినాడట. ఆయన చదివినాడు, తర్కించినాడు, నిర్ణయించుకున్నాడు. భార్యకు తెలిసేనాటికి జరుగవలసినది జరిగిపోయినది. పురుషుడి మతాంతరానికి ఇది చాలును. స్త్రీకి చాలదు. ఆమె మతము మనస్సులోకంటె ముందు వంటింట్లో ఉన్నది, నీళ్ళ బిందెలో ఉన్నది, ఆరవేసిన మడిబట్టలో ఉన్నది.

ఇక్కడ ఆమె బాల్యాన్ని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. లక్ష్మీబాయి 1868లో నాసిక్ దగ్గర జలాల్‌పూర్‌లో పుట్టినది. తండ్రికి మడి ఒక వ్యాధిగా పరిణమించినది. 1857 నాటి తిరుగుబాటు సందర్భంలో ఆ కుటుంబానికి చెందిన ఒక పెద్దను ఆంగ్లేయులు ఉరితీయగా, ఆ దెబ్బతో ఆయనకు అంటు భయం పట్టుకున్నదట. బజారు నుండి వచ్చిన వస్తువు ఏదైనా కడగనిదే లోపలికి రాదు. ఉప్పుకు కూడ మినహాయింపు లేదు. ఇంటిల్లిపాదీ ఆ భయానికి ఊడిగం చేసినారు. ఈ అధ్యాయాలను పాఠకుడు పొట్ట చెక్కలయ్యేట్లు నవ్వుతూ చదువుతాడు. కాని రచయిత్రి ఊరక నవ్వించుట లేదు. మైల అనే భావం ఒక మనిషిని ఎంత హింసించగలదో, ఆ మనిషి చుట్టూ ఉన్న స్త్రీల చేత ఎంత చాకిరి చేయించగలదో ఆమె ముందే చూపి పెట్టినది. పుస్తకం నడుమ ఆమె తన మడిని తానే విడువబోయే ఘట్టానికి ఈ తండ్రి కథ పునాది.

1880లో, పన్నెండేండ్లు నిండకముందే ఆమెకు వివాహమైనది. అక్షరాలు నేర్పినది భర్తయే. సంసారం ఒక చోట నిలిచినది కాదు. ఆయన ఊళ్ళు మారును, ఉద్యోగాలు మారును. చేతికి వచ్చిన రూపాయి దారిలో ఎదురైన పేదవానికి పోవును. ఇంట పొయ్యి వెలిగించవలసినది ఆమె. భర్త ఔదార్యాన్ని ఆమె ఎన్నడూ నిందించదు; ఆ ఔదార్యపు ఖర్చు ఎవరు భరించినారో మాత్రం మరచిపోకుండ చెప్పును. కవుల జీవితచరిత్రలలో ఈ పద్దు సామాన్యంగా కనిపించదు.

1895 తరువాతి ఐదేండ్లు ఈ గ్రంథానికి గుండె. భర్త మతం మారినాడు, ఆమె మారలేదు. ఆమె ముత్తైదువా, కాదా? భర్త బ్రతికియున్నాడు, కాని ఆయన ఇంట ఆమె నీళ్ళు ముట్టరాదు. శాస్త్రంలో ఇట్టి స్త్రీకి చోటు లేదు. ఆమె దుఃఖంతో మంచం పట్టినది, కవిత్వం చెప్పుకున్నది. ఆమెను నిలిపినవారు స్త్రీలు, ముఖ్యంగా తోబుట్టువు భికూతాయి. వారు తిట్టినారు, ఏడ్చినారు, కాపలా కాసినారు, అన్నం పెట్టినారు. క్రైస్తవ సాహిత్యంలో సహవాసమన్న మాటకు గొప్ప గౌరవమున్నది. సంఘంలో స్త్రీలు కూడి ప్రార్థించుట, ఒకరి భారమొకరు మోయుట అని దానికి అర్థం చెప్పుదురు. లక్ష్మీబాయి పుస్తకంలో ఆ సహవాసం మొట్టమొదట కనిపించేది చర్చిలో కాదు, ఆమె క్రైస్తవురాలగుటకు ముందు, మడి కట్టుకున్న హిందూ స్త్రీల నడుమ. ఆమె ఈ మాటను సిద్ధాంతంగా చెప్పలేదు. తరువాత క్రైస్తవురాలై వ్రాయుచున్నప్పుడు కూడ ఆ స్త్రీలను అజ్ఞానులుగానో, దయలేనివారుగానో చిత్రించలేదు. మతాంతరులు వ్రాసిన సాక్ష్యాలలో పూర్వజీవితాన్ని చీకటిగా చూపుట ఒక ఆచారం. ఆ ఆచారాన్ని ఈమె పాటించకపోవుట సామాన్యమైన సంగతి కాదు.

భర్త దగ్గరకు తిరిగివచ్చిన పిమ్మట కూడ ఆమె తన వంట, తన నీళ్ళు వేరుగానే ఉంచుకున్నది. ఆమెను మార్చినది ప్రసంగం కాదు. కులాలను దేవుడు చేసెనా, మనిషి చేసెనా అని ఆమె తనలో తాను వాదించుకున్నది. జంతువులలో జాతి భేదం ఆకారంలోనే కనబడును, మనుష్యులలో కనబడదు, కనుక ఇది దేవుని పని కాదు అని తేల్చుకున్నది. తేల్చుకున్న తరువాత ఎవరి చేతి నీళ్ళైనా త్రాగుటకు సిద్ధపడినది. గమనింపదగిన విషయమేమనగా, ఈ నిర్ణయం బాప్తిస్మానికి ముందు జరిగినది. క్రీస్తునందు విశ్వాసం కుదిరి, దాని ఫలితంగా కులం విడుచుట కాదు. కులమనే ముడి విడిన తరువాతనే ఆమె మనస్సులో విశ్వాసానికి చోటు దొరికినది. 1900లో అహమదునగరంలో ఆమె బాప్తిస్మం పొందినది. ఇతరులు ఒక అధ్యాయం వ్రాసి ఉండదగిన ఆ దినాన్ని ఆమె పెద్దది చేసి చెప్పదు. ఆమెకు కథ అప్పటికే అయిపోయినది.

అహమదునగరమనగానే మరొక పుస్తకం స్ఫురించును. కృపాబాయి సత్తియనాథన్ 1862లో ఆ ఊరనే పుట్టినది. ఆమె ఇంగ్లీషు నవల ‘సగుణ’ 1895లో పుస్తకరూపం పొందినది. తిలక్ మతం మారిన సంవత్సరమే అది. అందులోనూ బ్రాహ్మణ భర్త క్రైస్తవుడగును, భార్య దిక్కు తోచక వెంట పోవును. అది కృపాబాయి తల్లి కథ. అయితే చెప్పినది కూతురు, అదియు ఇంగ్లీషులో, మిషను ఇంట పెరిగిన మనస్సుతో. తల్లి భయాన్ని కూతురు జాలితో చూచినది, లోపలి నుండి చూడలేదు. ఒక తరం తరువాత అదే ఊరిలో ఆ తల్లి స్థానంలో నిలిచిన స్త్రీ తానే నోరు విప్పినది. ఈ రెండు గ్రంథాలను కలిపి చదివినవారికి ‘స్మృతిచిత్రే’ విలువ మరింత స్పష్టమగును.

బాప్తిస్మం తరువాతి భాగాలలో ఆమె ప్రధానంగా తల్లి. 1899–1900 నాటి ఘోర క్షామంలో అనాథలైన పిల్లలు ఆ ఇంటికి చేరినారు. ప్లేగు వచ్చినది. పరాయి పిల్లలు, సొంత పిల్లలు ఒకే పంక్తిలో తిన్నారు. కవి బాలకవి (త్ర్యంబక బాపూజీ ఠోంబరే) కథ ఇక్కడ చెప్పుకొనవలెను. 1907లో జళగాఁవ్‌లో జరిగిన కవిసమ్మేళనంలో పద్యం చదివి అందరినీ ముగ్ధులను చేసిన ఆ బాలుని తిలక్ తన ఇంటికి తెచ్చుకున్నాడు. అతడు హిందువుగానే ఆ ఇంట పెరిగినాడు, హిందువుగానే ఉండిపోయినాడు. 1918లో రైలు క్రింద పడి మరణించినాడు. మరాఠీ సాహిత్య చరిత్రలలో బాలకవి ప్రకృతి కవి. లక్ష్మీబాయి పుటలలో అలిగి అన్నం మానే పిల్లవాడు, బుజ్జగిస్తే లొంగే పిల్లవాడు. ఆమె అతని కవిత్వాన్ని విమర్శించదు, అతని ఆకలిని ఎరుగును. అతనిని క్రైస్తవునిగా మార్చవలెనన్న తొందర ఆమె పుటలలో లేకపోవుట ఆమె విశ్వాస స్వభావాన్ని చెప్పకనే చెప్పుచున్నది. తిలక్ 1917లో మిషను ఉద్యోగం విడిచి, బాప్తిస్మం పొందినవారికీ పొందనివారికీ సమానంగా చోటు ఉండునట్లు ‘దేవాచా దర్బార్’ స్థాపించినాడు. ఆయనకు అది ఆదర్శం. ఆ ఇంట భోజనాల దగ్గర అది అప్పటికే అమలులో ఉండినది.

ఈ గ్రంథంలో లోపాలు లేకపోలేదు. తిలక్ మరణం తరువాతి భాగంలో, కరాచీ ప్రస్తావన వచ్చు చోట్ల, కథనం పలుచబడినది; సంఘటనలు వరుసగా వచ్చును గాని మునుపటివలె ఒకదానినొకటి వెలిగించవు. ఇంతకంటె పెద్ద లోపం మరొకటి. అహమదునగర ప్రాంతపు క్రైస్తవ సంఘంలో ఎక్కువమంది మహర్, మాంగ్ కులాల నుండి వచ్చినవారు. లక్ష్మీబాయితో కూడి ప్రార్థించిన స్త్రీలలో పెక్కుమంది వీరే అయి ఉండవలెను. వారి చేతి నీళ్ళు త్రాగుట ఆమెకు ఎంత కష్టమైనదో మనకు తెలియును. ఆమెకు నీళ్ళు ఇచ్చునప్పుడు వారి మనస్సులో ఏమున్నదో తెలియదు. వారి మాట వారి గొంతుతో వినిపించు ఘట్టాలు తక్కువ. ఆమె దయకు లోటు లేదు. కాని దయ చూపువారు మాట్లాడుచుండగా దయ పొందువారు మౌనంగా ఉండుట ఈ పుస్తకపు పరిమితి. ఆ మౌనం తొలగుటకు మరాఠీలో బేబీ కాంబళే ‘జిణ ఆముచ’ వరకు, క్రైస్తవ సంఘం లోపలి కులాన్ని గూర్చి తమిళంలో బామ ‘కరుక్కు’ (1992) వరకు నిరీక్షింపవలసి వచ్చినది. లక్ష్మీబాయిని చదివినవారు ఈ రెండింటిని కూడ చదువవలెను. అప్పుడే బిందెకు రెండవ వైపున ఉన్న చేయి కనబడును.

అయినను ఈమెను కేవలం గృహస్మృతుల రచయిత్రిగా భావించుట పొరపాటు. తిలక్ క్రీస్తు చరిత్రను ‘ఖ్రిస్తాయన్’ పేర ఓవీ ఛందస్సులో ప్రారంభించి, పది పదకొండు అధ్యాయాలు వ్రాసి మరణించినాడు. మిగిలిన అరువదికి పైగా అధ్యాయాలను పూర్తి చేసినది ఆమె. బడికి పోని స్త్రీ, భర్త దగ్గర అక్షరాలు దిద్దుకున్న స్త్రీ, భర్త కావ్యానికి అతనికంటె ఎన్నో రెట్లు ఎక్కువ వ్రాసినది. క్రీస్తు కథను ఓవీలో చెప్పుట మరాఠీ భాషకు క్రొత్త కాదు. ఫాదర్ థామస్ స్టీఫెన్స్ ‘క్రిస్తపురాణం’ 1616 నాటిది. తెలుగులో జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించిన సంగతి మన పాఠకులు ఎరుగుదురు. కావ్యంగా ‘ఖ్రిస్తాయన్’ సమంగా లేదు. కాని ఓవీ స్త్రీలు తిరుగలి విసరుచు పాడుకొను ఛందస్సు. అది ఆమెకు పండితుల నుండి రాలేదు, ఇంటి నుండి వచ్చినది. అందుచేత ఆమె అధ్యాయాలలో నడక సులువుగా ఉండుటలో వింత లేదు.

చివరగా భాషను గూర్చి ఒక మాట. లక్ష్మీబాయి వచనం వాడుక మరాఠీ. బ్రాహ్మణ స్త్రీలు వంటింట్లో, బావి దగ్గర మాట్లాడుకొను మరాఠీ. వాక్యాలు చిన్నవి, సామెతలు సహజమైనవి. కష్టం చెప్పునప్పుడు గొంతు పెంచదు. నవ్వు వచ్చు చోట ఆగి నవ్వమనదు. ఇంగ్లీషు అనువాదకులు ‘సోవళే’, ‘ఓవళే’ అను మాటల దగ్గర వివరణ ఇచ్చుకొనక తప్పలేదు. తెలుగులోనికి తెచ్చువారికి ఆ కష్టం లేదు. మడి, మైల అనిన చాలును. ఏ ఆడపడుచు ఏ తీగెమీద ఏ బట్టను కఱ్ఱతో ఆరవేయుచున్నదో, పిల్లవాడు పరుగెత్తి వచ్చి ముట్టుకొనబోగా ఎట్లు వెనుకకు జరిగినదో, మన పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.