ఆరు పైపులు, ఒక పానా

ఇంజిను విప్పితే లోపం ఎవరికైనా కనబడుతుంది. విప్పకముందే ఏ సిలిండరులో ఏం జరుగుతోందో చెప్పడమే మేస్త్రీ గొప్పతనం. విజయవాడ ఆటోనగర్‌ లాంటి చోట్ల పాత లారీల మీద చేయి తిరిగినవాళ్ల పని చూస్తే ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది.

ఆరు సిలిండర్ల పాత టాటా లారీ సంగతే తీసుకుందాం. పక్కన మైకో పంపు, దాని నుంచి నాజిళ్లకు ఆరు సన్నని ఉక్కు పైపులు. కంప్యూటరు లేదు, సెన్సారు లేదు. డ్రైవరు చెప్పేది రెండు ముక్కలే: "స్లోలో కుంటుతోందన్నా, లోపల కొడుతోంది." ఆ రెండో ముక్క వింటేనే ఓనరుకు గుండె జారిపోతుంది. బిగెండు బేరింగు పోయిందంటే కింద ఛాంబరు దించాలి, క్రాంకు గ్రైండింగుకు పోవాలి, కిరాయిలు ఆగిపోవాలి.

మంచి మేస్త్రీ వెంటనే పానా అందుకోడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజినుకు ఆనించి, పిడిని చెవి పక్క ఎముకకు నొక్కి వింటాడు. పైన వాల్వు కవరు మీద, తర్వాత బ్లాకు పక్కన, ఆఖరికి కింద ఛాంబరు అంచున. మోత ఎక్కడ గట్టిగా ఉందో అలా తేలుతుంది. ఏమిటన్నది మాత్రం ఇంకా తేలదు. స్లోలో నిమిషానికి 600 చుట్లనుకుంటే క్రాంకు సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. క్యాం షాఫ్టు అందులో సగమే తిరుగుతుంది కనుక ఒక వాల్వు టాపెట్ సెకనుకు 5 సార్లు మోగుతుంది. ఒక సిలిండరులో డీజిల్ మండేదీ సెకనుకు 5 సార్లే. అంటే టాపెట్ మోతకూ నాజిల్ కొట్టుడుకూ లయ ఒకటే. ఎంత పదునైన చెవికైనా ఇక్కడ ఇంకో ఆధారం కావాలి.

ఆ ఆధారం ఆరు పైపుల్లో ఉంది. ఇంజిను స్లోలో నడుస్తుండగానే ఒకటో నాజిల్ పైపు నట్టును కాస్త వదులు చేస్తాడు. డీజిల్ అక్కడే కారిపోతుంది, నాజిల్‌కు ఒత్తిడి అందదు, ఆ సిలిండరు ఆగుతుంది. ఇంజిను స్పీడు దిగిందంటే అంతవరకూ అది పనిచేస్తున్నట్టే. బిగించి రెండోదానికి పోతాడు. మూడోది వదిలినప్పుడు స్పీడు దాదాపు కదలలేదు, కొట్టుడు మాత్రం ఠక్కున ఆగిపోయిందనుకోండి. అప్పుడతని బుర్రలో నడిచే తర్కం నాకు ఎంతో ఇష్టం. టాపెట్ అయితే డీజిల్ ఆపినా మోగుతూనే ఉండాలి. బేరింగు అయితే మోత తగ్గొచ్చు, కానీ స్పీడూ దిగాలి, ఎందుకంటే బేరింగు అరిగినంత మాత్రాన సిలిండరు బలమివ్వడం మానదు. మోత పోయి స్పీడు నిలిచిందంటే అక్కడికి డీజిల్ చేరుతోంది, సరిగా మండడం లేదు. సైలెన్సరులోంచి వచ్చే నల్లపొగ, ఇంజిను వేడెక్కాక కూడా పడిపోని ఆయిల్ ప్రెషరు ముల్లు ఆ మాటనే బలపరుస్తాయి. ఒక్క నట్టు వదిలి మూడు అనుమానాల్లో రెంటిని పక్కకు తీశాడు. ఖర్చయింది నాలుగు చుక్కల డీజిల్.

అయినా అంతటితో నమ్మడు. మూడో నాజిల్‌ను అయిదోదాని చోట, అయిదోదాన్ని మూడో చోట వేసి మళ్లీ స్టార్టు చేయిస్తాడు. కొట్టుడు అయిదుకు మారితే నాజిల్‌దే తప్పు. మూడులోనే ఉండిపోతే కంప్రెషన్ చూడాలి. ఇక్కడ తొందరపడేవాళ్లు తప్పిపోయే చోటొకటి ఉంది. నాజిల్ ఊడదీసినప్పుడు పాత రాగి వాషరు ఒక్కోసారి గుంటలోనే అతుక్కుపోతుంది. దాని మీద కొత్తది వేస్తే నాజిల్ మొన పైకి లేచి, తుంపర పడవలసిన చోట పడదు. అందుకే మేస్త్రీ ముందు టార్చి వేసి గుంటలోకి చూస్తాడు.

తీసిన నాజిల్‌ను టెస్టరుకు బిగించి మీట కొడితే మంచిదయితే పొగమంచులా చిమ్ముతుంది. పోయినదయితే మొన దగ్గర చుక్క కడుతుంది. ఆ చిమ్ముడుకు ఎవరూ చెయ్యి అడ్డం పెట్టరు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. కామన్ రైల్ ఇంజిన్లలో ఒత్తిడి 1000 బార్లు దాటుతుంది. వాటి మీద ఈ నట్టు వదిలే పద్ధతి ప్రాణాంతకం. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్‌-6 లారీల దగ్గర ఏ మేస్త్రీ అయినా స్కానరే పట్టాలి.

కొత్త నాజిల్ పడి కుంటడం పోయాక, అంతదాకా పెద్ద మోత కింద అణిగి ఉన్న చిన్నవి బయటపడతాయి. పైన సన్నగా టిక్కుటిక్కుమనేది టాపెట్. ఫీలర్ గేజి దూర్చి, సందు సరిచేసి వదిలేస్తాడు. పొద్దున చల్లటి ఇంజినులో వినబడే మొద్దు మోత ఇంకొకటి. అది అరిగిన బోరులో పిస్టన్ పక్కకు తగిలే చప్పుడు. ఇంజిను వేడెక్కి పిస్టన్ కాస్త ఉబ్బాక అణిగిపోతుంది. ఆయిల్ తాగుతోందా, నీలిపొగ వస్తోందా అని డ్రైవరును అడుగుతాడు. లేదంటే దాన్ని ముట్టుకోడు. "ఇంకొన్నాళ్లు తిప్పుకోండి, ఆయిల్ మాత్రం చూసుకుంటూ ఉండండి" అని ఓనరుకు చెప్పి, తనకు రావలసిన పెద్ద పనిని తానే వాయిదా వేస్తాడు.