లగ్గం నాటి రాత్రి

చింతమడకలో నేను చిన్న పిల్లవాణ్ణిగా ఉన్నప్పుడు నాయనమ్మ వెంట ఒగ్గు కథకు పోయేవాణ్ణి. బీరప్ప కథ ఒక్క రాత్రిలో ఒడిసేది కాదు. పొద్దుగూకి, బువ్వ తిన్నాక ‘కతకు పోదాం పా బిడ్డా’ అనేది. ఆఖరి నాడు మాత్రం ఆమె మాట మారేది. ‘లగ్గానికి పోవాలె, మంచి అంగీ తొడుక్కో’ అనేది. పళ్లెంలో బియ్యం పోసి, రైక గుడ్డ పెట్టి, కొంగుముడి విప్పి నోటు తీసి దాని మీద ఉంచేది. పందిరి అదే, డోళ్లు అవే, చెప్పే మనుషులూ వాళ్లే. అప్పటిదాకా కథ విన్నవాళ్లు ఆ రాత్రి ఆడపిల్ల తరఫువాళ్లో మగపిల్లవాని తరఫువాళ్లో అయిపోయేవాళ్లు.

ఈ సంగతి నాకు మళ్లీ గుర్తొచ్చింది ఒక అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ చివరి భాగం చూసినప్పుడు. సీరియల్ పేరు ‘బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా’. 1978లో ఒకసారి వచ్చిన కథనే రోనాల్డ్ డి. మూర్ 2003లో కొత్తగా మొదలుపెట్టాడు. మనుషులు తాము చేసిన యంత్రాల చేతిలోనే తమ పన్నెండు లోకాలనూ పోగొట్టుకుంటారు. మిగిలిన యాభై వేలమంది చిల్లర ఓడల్లో అంతరిక్షమంతా తిరుగుతూ, ‘భూమి’ అని పురాణాల్లో విన్న చోటు కోసం వెతుకుతారు. నాలుగు సీజన్ల పాటు సాగిన ఆ వెతుకులాట 2009 మార్చి 20న ‘డేబ్రేక్’ అనే భాగంతో ముగిసింది. హైదరాబాద్‌లో అద్దెగదిలో కూర్చుని, లాప్‌టాప్‌లో దాన్ని చూశాను.

చివరికి వాళ్లకు ఒక పచ్చటి నేల దొరుకుతుంది. ఓడలన్నిటినీ సూర్యుడిలోకి పంపేసి, చేతిలో పట్టుకోగలిగినవే పట్టుకుని, గుంపులు గుంపులుగా ఆ నేల మీద చెదిరిపోతారు. అక్కడితో ఆపినా కథ ముగిసినట్టే. కానీ మూర్ ఒక్కసారిగా లక్షా యాభై వేల ఏళ్లు ముందుకు దూకి మనల్ని నేటి న్యూయార్క్ వీధిలో దింపుతాడు. టాంజానియాలో ఒక ఆదిమ స్త్రీ ఎముకలు దొరికాయని, ఇప్పుడున్న మనుషులందరికీ ఆమె తల్లి అని పత్రికలో వార్త. ఆమె ఎవరో చూసేవాళ్లకు తెలుసు. ఆ ఓడల్లో, మనిషికీ యంత్రానికీ పుట్టిన చిన్నపిల్ల హెరా. అంటే సుదూర భవిష్యత్తు అనుకుంటూ ఇన్నేళ్లూ చూసింది మన వెనకటి కథ.

ఈ ముగింపు మీద అభిమానులు రెండుగా చీలారు. కారా థ్రేస్ అనే పైలట్ గడ్డిమైదానంలో మాట్లాడుతూ మాట్లాడుతూనే మాయమైపోతుంది. ఆమె ఎవరో, ఏమైందో ఎవరూ చెప్పరు. చిక్కులన్నీ విప్పుతారని ఎదురుచూసినవాళ్లకు అది కోపం తెప్పించింది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. నాకైతే ఆ రాత్రి కళ్లు తడిశాయి. ఎందుకంటే ఆ ముగింపు మా జిల్లాలో ఎప్పటినుంచో ఉన్నదే. దాని పేరు కుల పురాణం.

తెలంగాణలో కులానికొక పురాణం, దాన్ని చెప్పే ఆశ్రిత కులమూ ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, గొల్లలకు మందహెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు చెబుతారు. వీళ్లలో చాలామంది పటం పట్టుకుని కథ చెప్పేవారు. ఆ పటాలు గీసే చేర్యాల మా సిద్దిపేట జిల్లాలోదే. ఖాదీ బట్టకు చింతగింజల గంజి, సుద్దమట్టి, జిగురు కలిపి పూసి, ఎర్రటి నేల మీద నకాషీలు బొమ్మలు వేస్తారు. అడ్డం వరుసలుగా దృశ్యం కింద దృశ్యం. రాత్రి రాత్రికి పటం చుట్ట కొంచెం కొంచెం విప్పుతూ పోతారు. టీవీ రాకముందు మా వైపు సీరియల్ అంటే అదే. ఈ కథలు చాలావరకు లోకం పుట్టకముందు మొదలవుతాయి. నీళ్లు తప్ప ఏమీ లేని కాలం, ఆదిశక్తి, దేవతల పుట్టుక. అంత దూరంలో మొదలైన కథ చివరికి ఎక్కడ ఆగుతుంది? వింటున్నవాళ్ల గోత్రం దగ్గర, వాళ్ల కులవృత్తి దగ్గర, వాళ్ల ఇంటిపేరు దగ్గర. ‘ఆ మూలపురుషుని సంతానమే మీరు’ అన్నచోట కథకుడు పటం చుట్టేస్తాడు. హెరా ఎముకలు దొరికాయన్న వార్త చేసిన పని కూడా ఇదే.

ఒగ్గు కథలో ఈ పని ఇంకా నేర్పుగా జరుగుతుంది. ఒగ్గు అంటే శివుని డమరుకం. కురుమలు, గొల్లలు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు ఆ ఒగ్గు వాయిస్తూ, డోలు, తాళాలతో చెబుతారు. ప్రధాన కథకుడు ఒక్కడే అన్ని పాత్రలూ అవుతాడు. భుజం మీది కండువా తలమీద కప్పితే అక్క మహంకాళి, నడుముకు బిగిస్తే బీరప్ప. పక్కనున్న వంతగాడు మన తరఫు మనిషి. ‘ఎట్లెట్ల?’ అని అడుగుతాడు, ‘గట్లనా!’ అని ఆశ్చర్యపోతాడు, అప్పుడప్పుడు కథకుణ్ణి ఆపి ఊళ్లో నిన్న జరిగిన పంచాయితీ ఎత్తుతాడు. దేవలోకంలో ఉన్న కథ క్షణంలో మన చెరువుగట్టు మీదికి వస్తుంది, మళ్లీ వెళ్తుంది. ఇట్లా రాత్రికి పదిసార్లు జరుగుతుంది కాబట్టే, చివరి రాత్రి కథ పూర్తిగా మన దగ్గరికి వచ్చినప్పుడు ఎవరికీ వింతగా ఉండదు. మూర్ ఒకే దెబ్బలో దూకిన దూరాన్ని ఒగ్గు కథకుడు మొదటి రాత్రి నుంచే అడుగడుగునా నడిపించి తెస్తాడు. నా మటుకు నాకు ఒగ్గు కథకుని పనితనమే గొప్పదనిపిస్తుంది.

పైగా అతని దగ్గర దాచిపెట్టిన రహస్యం ఏదీ ఉండదు. బీరప్పకు కామరాతితో లగ్గమవుతుందని పందిట్లో ముసలమ్మకూ తెలుసు, చంటిపిల్లకూ తెలుసు. ‘లాస్ట్’ సీరియల్ 2010 మే 23న ముగిసినప్పుడు జనం జవాబు రావాల్సిన ప్రశ్నల చిట్టా పట్టుకుని కూర్చున్నారు. బీరప్ప పందిట్లో అట్లాంటి చిట్టా ఎవరి దగ్గరా ఉండదు. కాబట్టి కథకుని కష్టమంతా ఆలస్యంలో ఉంటుంది. పసుపు దంచే రోకళ్ల చప్పుడు డోలు మీద పలికిస్తాడు. గాజులవాణ్ణి పిలిపిస్తాడు, బేరమాడిస్తాడు. అలిగిన చుట్టాన్ని బతిమాలిస్తాడు. తెలిసిన లగ్గమే అయినా ‘ఇంకా ఎప్పుడు?’ అని జనం ముందుకు వంగేదాకా ముడి వేయనివ్వడు. ఈలోగా కట్నాలు చదివిస్తారు. ఎవరెంత పెట్టిందీ పేరుపేరునా పాటలో కలిపి చెబుతాడు. నాయనమ్మ పేరు కథలో వినబడ్డ ఆ ఒక్క క్షణం కోసం నేను నిద్ర ఆపుకుని కూర్చునేవాణ్ణి.

చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి పెద్దలు ఈ కళను వేదికలెక్కించి పేరు తెచ్చారు. రాములు 2010లో, సత్తయ్య 2017లో వెళ్లిపోయారు. వేదిక మంచిదే. కానీ అక్కడ దొరికేది అరగంటో గంటో. కథ కుదిస్తే మొదట పోయేవి నడిమి రాత్రులు. లగ్గం ఘట్టం ఒక్కటే మిగులుతుంది. అది అందంగానే ఉంటుంది, చప్పట్లూ పడతాయి. కానీ నాలుగు రాత్రులు కామరాతి కోసం జాగారం చేయని వాళ్లు అక్కడ చుట్టాలెట్లా అవుతారు? అది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఒగ్గు కళాకారుల మీద డబ్బు పెట్టేవాళ్లెవరైనా వాళ్లకు బహుమతుల కంటే ముందు రాత్రులు ఇవ్వాలి. పూర్తి కథ చెప్పించి, వంతగాని మాటలతో సహా రికార్డు చేసి పెట్టాలి. ఆ మాటలు ఏ పుస్తకంలోనూ ఉండవు.

లగ్గం కన్నా ముందే పందిట్లో పట్నం వేస్తారు. తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు పొడులతో నేల మీద పెద్ద ముగ్గు. వేళ్ల సందుల్లోంచి పొడి సన్నగా జారవిడుస్తూ, గీత మీద గీతగా గంటలకొద్దీ వేస్తారు. శివరాత్రి నాడు కొమురవెల్లి మల్లన్న దగ్గర వేసే పెద్దపట్నం దీనికి పెద్దన్న. అంత కష్టపడి వేసిందాన్ని చివరికి తొక్కుతారు. ముందు ఒగ్గు పూజారులు గజ్జెల కాళ్లతో దాటుతారు, వెనకాలే జనం దిగుతారు.

నేనూ దిగాను. పొడి మెత్తగా, చల్లగా ఉండేది. బయటికి వచ్చేసరికి రంగులన్నీ కలిసి ఏ రంగూ కాకుండా పోయేవి. నాయనమ్మ నా నొసట బండారి పసుపు పెట్టి, ఖాళీ పళ్లెం చంకన పెట్టుకుని నడిచేది. పొద్దున లేచి చూస్తే వాకిట్లోంచి గడప దాకా పసుప్పచ్చటి పాదాల గుర్తులు ఉండేవి, ఆమెవి పెద్దవి, నావి చిన్నవి. ఆ రోజు అమ్మ వాకిలి ఊడ్చేది కాదు.