పుల్లకూ బ్రష్షుకూ ఒకటే వేళ

కారంచేడు, పర్చూరు వైపు పెద్దవాళ్ల దగ్గర వేపపుల్ల మాటెత్తితే చాలు, ఎనభై ఏళ్లకూ చెరుకుగడ పళ్లతో చీల్చిన తాతల కబుర్లు మొదలవుతాయి. అవి అబద్ధాలు కావు. అయితే చిగుళ్లు వదులై, పళ్లు కదిలి, అన్నం గుజ్జుగా పిసికించుకుని తిన్న తాతలూ ఆ పుల్లతోనే తోముకున్నారు. వాళ్ల కబుర్లు ఎవరూ చెప్పరు.

పుల్లతో వెంటనే తోముకోలేం. కొస కొరికి, నమిలి, కుచ్చు చేసుకోవాలి. ఆ చేదుకు నోరు ఊరుతుంది. పని అయ్యాక దాన్నే నిలువునా చీల్చి నాలుక గీసుకోవచ్చు. అలవాటున్న చోట నమిలే పుల్లలను ప్రోత్సహించమని 1987లో ప్రపంచ ఆరోగ్య సంస్థే అంది. బ్రష్షు గొప్ప వేరు. పుల్ల ముందుపళ్ల దగ్గర ఎంత చురుకో దవడపళ్ల లోపలి వైపు అంత మొద్దు. బ్రష్షు అక్కడికీ వెళ్తుంది. పైగా చాలా పేస్టుల్లో ఫ్లోరైడు ఉంటుంది. పులుపుకు కరగబోయే ఎనామెల్‌ను అది మళ్లీ గట్టిపరుస్తుంది. (నల్గొండ నీళ్లలో ఎక్కువై పళ్లకు మరకలు తెచ్చిందీ ఇదే ఫ్లోరైడు, తేడా మోతాదులో ఉంది.) ఇక బరబరా రుద్దేవాడి చేతిలో పుల్లా చిగురును గీరుతుంది, అలాగే గట్టి బ్రష్షూ.

ఇంతకీ పుల్లకు వచ్చిన పేరులో సగం వంటింటిది. ఆ తరానికి అరిసెలు సంక్రాంతికే. ఇప్పుడో, పొద్దుటి టీ, పదింటికి బిస్కట్లు, మధ్యాహ్నం కూల్‌డ్రింకు, బడి నుంచి రాగానే చాక్లెట్టు. తీపి తగిలిన ప్రతిసారీ పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లం చేస్తాయి, పీహెచ్ 5.5 కిందికి పడితే ఎనామెల్ కరగడం మొదలు. లాలాజలం దాన్ని సర్దడానికి అరగంటైనా పడుతుంది. స్వీడన్‌లోని విపేహోల్మ్ ఆసుపత్రిలో 1945 తర్వాత మానసిక వైకల్యమున్న రోగులకు కావాలని టాఫీలు తినిపించి తేల్చింది ఇదే: భోజనంతో తిన్న తీపి కన్నా, మధ్యమధ్య చప్పరించిన జిగురు తీపి పళ్లను ఎక్కువ పుచ్చబెడుతుంది. సిగ్గుపడాల్సిన ప్రయోగమే, కానీ ఫలితం నిలిచింది.

అదే న్యాయాన, పుల్ల తరానికి తీపి తక్కువైతే పొగాకు ఎక్కువ. నల్లబర్లీ పండించే నేల, పక్కనే చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీ. చుట్ట ముట్టించని అరుగు ఉండేది కాదు. పొగాకు చేసే మోసం చిత్రమైంది. నికోటిన్ చిగుళ్లకు రక్తం తగ్గిస్తుంది. మామూలుగా చిగురు చెడితే తోముకునేటప్పుడు రక్తం కనబడి మనిషి జాగ్రత్తపడతాడు. చుట్ట కాల్చేవాడికి ఆ రక్తమూ సరిగా కనబడదు. లోపల ఎముక అరిగిపోతున్నా చిగురు గట్టిగా ఉన్నట్టే ఉంటుంది. పుల్ల మహిమ అనుకున్నది కొందరి నోట్లో ఇదే అయివుండాలి. చుట్ట పోయి ఖైనీ, గుట్కా వచ్చినా చిగుళ్లకు మేలేమీ జరగలేదు.

పుల్ల వదిలి బ్రష్షు పట్టినవాళ్లు ఒక్కటి మాత్రం మార్చలేదు: వేళ. పాచి ముఖంతో పొయ్యి ముట్టకూడదన్న శుచి నియమం పుల్లది. అదే బ్రష్షుకూ వచ్చింది. రెంటి పనీ పొద్దున్నే, ఇంకా ఏమీ తినకముందే అయిపోతుంది. లాలాజలం బాగా తగ్గేది నిద్రలో. పిల్లలకు పంచదార కలిపిన పాలు తాగించి పడుకోబెట్టేది ఆ నిద్రకు ముందే.